తెర వెనక వెన్నముద్ద

తోటస్వామివారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన ముందు చేతికి ఏదో ఒక పని ఇచ్చేవారు. చిక్కుడుకాయలకు ఈనెలు తీయమనేవారు. కొబ్బరాకు చీల్చి చీపురుపుల్లలు తీయమనేవారు. ఏమీ లేకపోతే దీపారాధన కుందులు చింతపండు పెట్టి తోమమనేవారు. పని పూర్తయ్యేసరికి వచ్చినవాళ్ళలో సగంమంది తాము అడిగిందేమిటో మరిచిపోయి, స్వామికి దణ్ణం పెట్టి, హాయిగా ఇంటికి పోయేవారు. మరిచిపోనివాళ్ళకే జవాబు దొరికేది. అదీ మాటల్లో కాదు. ఆ తర్వాత ఏదో ఒకటి జరిగేది, అందులో వాళ్ళు వెతుక్కోవాలి.

ఆయన అసలు పేరు ఎవరికీ తెలియదు. గౌతమీ పాయ పక్కన కొబ్బరితోటలో నాలుగు పెంకుటి గదుల ఆశ్రమం, అందులో జానెడు ఎత్తు చిన్నికృష్ణుడు, ఆయన్ని కనిపెట్టుకుని ఈయన. తోటలో ఉంటారు కనుక తోటస్వామి. అంతకన్నా పేరెందుకు, చెప్పండి.

ఆ ఆశ్రమంలో ఆదివారం పొద్దున్న పిల్లలకు బాలసభ జరిగేది. దాన్ని నడిపే అమ్మాయి పేరు వకుళ. వారమంతా స్కూల్లో పాఠాలు చెప్పేది, ఆదివారం స్వామికి శిష్యురాలు. మంచి గొంతు, మంచి ఓపిక, భక్తి కూడా ఉన్న పిల్ల. కథ చెప్పడం మొదలుపెడితే తోటలో కాయలు దింపేవాళ్ళు కూడా కత్తి నడుముకు దోపుకుని వచ్చి గుమ్మం దగ్గర నిలబడేవారు. అటువంటి వకుళ ఒక సాయంత్రం దిగాలుపడిన మొహంతో స్వామి ముందు కూర్చుంది.

"స్వామీ, పిల్లలకి నిజం చెప్పడం ఎలా నేర్పాలండి? పద్యం చెప్పమంటే చెప్తారు. అబద్ధమాడినవాడికి ఏమైందో చెప్పమంటే కళ్ళు పెద్దవి చేసి మరీ చెప్తారు. ఇవాళ సభ అయ్యాక నా చెప్పులు ఎవరు దాచారర్రా అంటే ఒక్కడు నోరు విప్పలేదు."

స్వామి చిక్కుడుకాయల పళ్ళెం ఆమె ముందుకు జరిపారు. "దొరికాయా?"

"దొరికాయండి. అరటిబోదెల మధ్య."

"బాగా ఆలోచించే దాచారు," అన్నారాయన, ఒక కాయ ఈనె తీస్తూ.

పళ్ళెం ఖాళీ అయ్యేదాకా మరో మాట లేదు. చివరి కాయ కూడా అయ్యాక వకుళ తలెత్తి చూసింది. ఆమె ప్రశ్న మరిచిపోలేదు. అప్పుడు స్వామి అన్నారు: "వచ్చే ఆదివారం నుంచి పిల్లల నైవేద్యం నువ్వే పెట్టమ్మాయ్."

"అంతేనా స్వామీ?"

"అంతే. చిక్కుళ్ళు వంటింట్లో పెట్టేసి వెళ్ళు."

ఈ నైవేద్యం సంగతి మీకు కొంచెం చెప్పాలి. బాలసభలో పిల్లలు తలా ఒకటి తెచ్చేవారు. గుప్పెడు అటుకులు, బెల్లం ముక్క, అరటిపండు, ఏదో ఒకటి. అవన్నీ ఒక ఇత్తడి పళ్ళెంలో కలిపి, పైన ఒక వెన్నముద్ద పెట్టేవారు. వెన్న మాత్రం వంతు. గేదె ఉన్న ఇళ్ళ పిల్లలు వారానికొకరు తేవాలి. గేదె లేనివాళ్ళు తులసి తెచ్చినా చాలు. పళ్ళెం చిన్నికృష్ణుడి ముందు పెట్టి, నీళ్ళు తిప్పి, గుమ్మానికి ఎర్ర తెర లాగేసేవారు. పెట్టినవారు కూడా బయటికి వచ్చేయాలి. మన ఇళ్ళలో పసివాడు అన్నం తింటుంటే ఎవరైనా వస్తే తలుపు ఓరగా వేస్తాం కదూ, దిష్టి తగులుతుందని? అందుకే ఆ తెర. పిల్లలందరూ కళ్ళు మూసుకుని ఒక కీర్తన పాడాలి. కీర్తన అయ్యాక తెర తీస్తే అది ప్రసాదం.

వకుళ ఎంతో శ్రద్ధగా మొదలుపెట్టింది. మొదటివారం వెన్న తెచ్చిన పిల్ల తెర తీయగానే పళ్ళెం దగ్గరికి పరుగెత్తుకొచ్చి, వంగి చూసి, బావురుమంది.

"తినలేదండి. మా వెన్న తినలేదండి."

"తిన్నాడమ్మా. ఆయన తింటే మనకి తెలీదు."

"మరి తగ్గలేదు కదండీ," అంది ఆ పిల్ల, వెక్కుతూ.

వకుళ ఎన్ని విధాల చెప్పినా ఆ పిల్ల ఏడుపు మానలేదు. ప్రసాదం కూడా పట్టుకోకుండా పోయింది. ఆ మొహం వకుళని వారమంతా వదల్లేదు. భక్తితో పిలిస్తే స్వామి వచ్చి తిన్నాడని తనే ఎన్ని కథలు చెప్పలేదు? ఆ కథలు విని నమ్మిన పిల్లలు ఎదురుగా కూర్చుంటే, పళ్ళెం చూపించి, నమ్మొద్దని చెప్పినట్టు అవుతోందే అనుకుంది. మరుసటి ఆదివారం తెర తీయడానికి ముందుగా గంట వాయించడానికి తాను లోపలికి వెళ్ళినప్పుడు, ఎందుకో, ఎలాగో, చెయ్యి దానంతట అదే ముందుకి వెళ్ళింది. వెన్నముద్ద తీసి కృష్ణుడి పీఠం వెనక ఉన్న కొబ్బరిచిప్పలో పెట్టింది. సాయంత్రం ఆవుకి పెట్టేయొచ్చు. తానేం తినలేదు కదా.

తెర తీసింది. పళ్ళెం మీద వెన్న లేదు.

ఆ గదిలో పిల్లలు పెట్టిన గోల తోట అవతలి పడవరేవు దాకా వినిపించిందంటారు. ఆ రోజు పిల్లలు పాడిన మంగళహారతిలో ఉన్న పుష్టి అంతకుముందు ఎన్నడూ లేదు. ఆ గొంతులు విని వకుళ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇది అబద్ధం ఎలా అవుతుంది, చేదుమందు మీద తేనె కదా అనుకుంది.

తేనె రుచి తెలిశాక మనిషి ఒక్క చుక్కతో ఆగడు. రెండు వారాలు గడిచేసరికి వకుళకి ఇంకో ఆలోచన వచ్చింది. తన ప్రశ్నకి జవాబు దొరికిందనిపించింది. పిల్లలని కూర్చోబెట్టి చెప్పింది: "స్వామి అందరి వెన్నా తినడర్రా. వారమంతా నిజమే చెప్పినవాళ్ళు తెచ్చిన వెన్నే తింటాడు."

ఇక చూడండి. వెన్న వంతు దగ్గరపడిన పిల్లలు సన్యాసుల్లా అయిపోయారు. అడగనివి కూడా చెప్పేసేవారు. ఒకడు పొద్దున్నే వకుళ ఇంటికి వచ్చి, "అక్కా, నిన్న మీ జామచెట్టు కాయలు కోసింది నేనేనండి, స్వామికి చెప్పేయండి," అని ప్రాణం తేలికపడ్డట్టు వెళ్ళిపోయాడు. ఒకావిడ తన కొడుకు ఏకంగా మూడేళ్ళకిందటి దొంగతనం ఒప్పుకున్నాడని వచ్చి వకుళ చేతులు పట్టుకుంది. తల్లులు, మామ్మలు కూడా బాలసభకి వచ్చి వెనక వరసలో కూర్చోవడం మొదలుపెట్టారు. వకుళ మొహం మీద ఒక కాంతి వచ్చింది.

స్వామి మాత్రం ఒకరోజు గర్భగుడి తుడుస్తూ అన్నారు: "లోపల చీమలు బాగా పెరిగాయమ్మాయ్. పీఠం వెనక బారులు తీరి పోతున్నాయి."

"వానాకాలం కదా స్వామీ," అంది వకుళ.

స్వామితో అంతవరకూ ఆమె ఎన్నడూ ఒక్క అబద్ధం ఆడలేదు. అయితే స్వామి "అవును, వానాకాలం," అని చీపురు పక్కన పెట్టేశారు కనుక, ఆమె కూడా ఆ సంగతి పక్కన పెట్టేసింది.

ఇంతలో శేషు వంతు వచ్చింది. శేషు సుభద్రమ్మగారి మనవడు. సుభద్రమ్మగారంటే ఊళ్ళో ఆవిడ వెన్న ఎంత ప్రసిద్ధో, ఆవిడ నోరు అంతకన్నా ప్రసిద్ధి. తన గేదె పాల వెన్న స్వామి తినే రోజు కనుక పట్టుచీర కట్టుకుని మరీ వచ్చి ముందు వరసలో కూర్చుంది. పక్కనే శేషు. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. వాడు ఆ వారం ఒక పని చేశాడు. ఉట్టి మీద నుంచి పెరుగుకుండ కింద పడేసి, పిల్లి పడేసిందని చెప్పాడు. మామ్మ నమ్మింది. ఇప్పుడు తెర తీస్తే స్వామి నమ్మాడో లేదో తెలిసిపోతుంది.

వకుళకి కుండ సంగతి తెలియదు. వాడు వణకడం మాత్రం కనపడింది. సరే, ఏదో చేసే ఉంటాడు, స్వామి క్షమించాడని చెప్తాను, వెన్న ఎలాగూ తీస్తాను కదా అనుకుంది. పళ్ళెం పట్టుకుని లోపలికి వెళ్ళింది. అక్కడ గోడకి ఆనుకుని తోటస్వామి కూర్చుని ఉన్నారు. చేతిలో గంట.

బాలసభకి ఆయన ఎన్నడూ రారు. "ఇవాళ గంట నేను వాయిస్తానమ్మాయ్. నువ్వు బయట పిల్లల చేత పాడించు," అన్నారు.

వకుళ పళ్ళెం పెట్టింది. బయటికి వచ్చి తెర లాగింది. కీర్తన అందుకుంది. పిల్లలూ పెద్దలూ అందరూ కళ్ళు మూసుకున్నారు, ఆమె కూడా మూసుకుంది. ఆ మూసిన కళ్ళ వెనక ఆమెకి కనపడింది ఒక్కటే. ఇప్పుడు తెర తీస్తే వెన్న అక్కడే ఉంటుంది. ఊరందరి ముందు శేషు అబద్ధాలకోరు అవుతాడు. ఆ మాట అన్నది తనే, ఆ కొలబద్ద పెట్టింది తనే. ఇన్నాళ్ళూ కృష్ణుడు ఏ పిల్లవాడి గురించీ చెప్పనిదాన్ని ఆయన చెప్పినట్టుగా తనే చెప్పింది. కీర్తన అయిపోవడానికి వచ్చింది. చివరి చరణం ఆమె ఇంకోసారి పాడించింది. మళ్ళీ పాడించింది. ఎంతసేపు పాడిస్తుంది?

లోపల గంట ఆగింది. వకుళ తెర పక్కకి లాగింది.

పళ్ళెం మీద వెన్న లేదు.

ఇక్కడ కొంచెం ఆగి ఆ అమ్మాయి సంగతి ఆలోచించండి. ఇన్ని వారాలూ వెన్న తీసిన చెయ్యి తనది. ఇవాళ తను తీయలేదు. మరి ఎవరు తీశారు? ఆమె ఒళ్ళంతా గగుర్పొడిచింది. తండ్రీ, వచ్చావా, నా పరువు కోసం వచ్చావా అనుకుంది. పిల్లలు కేరింతలు కొడుతున్నారు. శేషు నోరు తెరుచుకుని ఉండిపోయాడు. సుభద్రమ్మగారు "మా గేదె పుణ్యం చేసుకుంది," అని కళ్ళు ఒత్తుకుంటోంది. వకుళ గుమ్మానికి చేరబడి దణ్ణం పెట్టింది. అన్ని వారాల్లో ఆమె నిజంగా పెట్టిన దణ్ణం బహుశా అదే.

కానీ సుభద్రమ్మగారు కళ్ళు ఒత్తుకున్నాక మళ్ళీ తెరిచింది. ఆవిడ కళ్ళు తెరిస్తే కనపడనిది ఉండదు.

"ఏమే మంగా, ఏంటా చేతిలో?"

మంగ అంటే ఆ సభలో అందరికన్నా చిన్నపిల్ల. తల్లి కొబ్బరిపీచు దూసే పనికి పోతుంది. వాళ్ళింట్లో గేదె లేదు కనుక వెన్న వంతు ఎప్పుడూ రాలేదు. వారం వారం తులసి తెచ్చి, గోడ పక్కగా, తెర అంచు అందని మూల కూర్చునేది. ఇప్పుడూ అక్కడే కూర్చుని ఉంది. కుడిచెయ్యి గౌను కింద దాచుకుంది.

"ఏం లేదండి."

"చూపించు."

"ఏం లేదండి మామ్మగారూ."

పిల్ల పిడికిలి ఎంత బిగిస్తే మాత్రం వెన్న ఆగుతుందా? వేళ్ళ సందుల్లోంచి కారి మోకాలి మీద పడింది. సుభద్రమ్మగారు ఆ చెయ్యి పట్టి పైకి లేపింది. అరచేతిలో సగం కరిగిన వెన్నముద్ద, దానికి అంటుకున్న తులసాకు.

"అమ్మ నీ తస్సాదియ్యా. దేవుడి నోటి ముందుది లాక్కొచ్చావే. ఎన్నాళ్ళ నుంచీ ఈ పని? మా పిల్లలు తెచ్చిన వెన్నంతా నువ్వేనా మింగింది?"

ఒక్కసారిగా అందరూ మాట్లాడారు. దొంగ, దొంగ అని పిల్లలు. అందుకే కాబోలు ఆ మూల కూర్చునేది అని ఒక తల్లి. పెంపకం అని ఇంకో తల్లి. మంగ ఏడవలేదు. వకుళ వైపు ఒక్కసారి చూసింది, వెంటనే చూపు తిప్పేసుకుంది.

"నేను తినలేదండి," అంది. "స్వామే తిన్నాడండి. ఇది మిగిలిందండి."

"మిగిలిందట. నోరు చూడండి ఎలా లేస్తోందో. స్వామీ, మీరు లోపలే ఉన్నారు కదా, చూడలేదా?" అని సుభద్రమ్మగారు గర్భగుడి వైపు తిరిగింది.

స్వామి గంట కింద పెట్టి, మెల్లగా గుమ్మం దాకా వచ్చారు. "చూశానమ్మా," అన్నారు. "కానీ నేను చూసింది ఈ ఒక్కవారమే. వారం వారం చూసినవాళ్ళు ఉంటే చెప్పాలి."

ఆయన ఎవరి మొహమూ చూడలేదు. ఆ మాట అన్నాక గుమ్మం మెట్టు మీద కూర్చుని, కండువా అంచు పట్టుకుని మంగ చేతి వెన్న తుడవడం మొదలుపెట్టారు.

వకుళ నిలబడింది. చెప్పకపోతే ఏమవుతుంది? మంగ ఇకమీద రాదు. గేదె లేని ఇంటి పిల్ల, ఎవరూ అడగరు. వెన్న కథ అలాగే సాగుతుంది. బాలసభ అలాగే నిండుగా ఉంటుంది. చెప్తే ఏమవుతుంది? ఈ తల్లుల్లో ఎంతమంది రేపు తన మొహం చూస్తారు? ఈ పిల్లల్లో ఎంతమంది ఇక దేవుణ్ణి నమ్ముతారు? ఈ రెండోది తలుచుకుంటే ఆమెకి భయం వేసింది. దేవుణ్ణి కాపాడే పని ఇన్నాళ్ళూ తన భుజాల మీదే ఉందన్నట్టు ఆలోచిస్తున్నానని ఆ భయంలోనే ఆమెకి తట్టింది.

"సుభద్రమ్మగారూ," అంది. "మంగ ఈ ఒక్కవారమే తీసింది. మిగతా వారాలన్నీ నేను తీశాను."

"ఏంటీ?"

"వెన్న నేనే తీసి పీఠం వెనక చిప్పలో పెట్టేదాన్నండి. సాయంత్రం ఆవుకి పెట్టేదాన్ని. పిల్లలు నమ్మాలని చేశాను. నిజం చెప్పినవాళ్ళ వెన్నే తింటాడన్నది కూడా నా మాటే. స్వామి అనలేదు. ఏ శాస్త్రంలోనూ లేదు." ఆమె పిల్లల వైపు తిరిగింది. "అర్రా, నేను మీకు అబద్ధం చెప్పాను."

పిల్లలు ఆమెని ఎలా చూశారో ఆమె జీవితంలో మరిచిపోదు. కోపంగా కాదు. పెద్దవాళ్ళు ఈ మాట అనడం వాళ్ళు అంతవరకూ వినలేదు. కొత్త జంతువుని చూసినట్టు చూశారు.

అప్పుడు మంగ, తుడుస్తున్న చెయ్యి స్వామి చేతిలోనే ఉండగా, వకుళని అడిగింది: "మరి అలాగే చెయ్యాలి కదండీ అక్కా? స్వామి తిననప్పుడు మనం తీసెయ్యాలి కదండీ?"

"నీకు ఎప్పట్నుంచి తెలుసే?"

"మొదట్నుంచీ అండి. నా మూల నుంచి కనపడుద్దండి."

"మరి ఎవరితోనూ అనలేదే?"

"కళ్ళు మూసుకోమన్నారు కదండీ. మూసుకోలేదని తెలిస్తే తిడతారని అనలేదండి. ఇవాళ మీరు మర్చిపోయారండి. శేషుగాడు ఏడుస్తాడని నేను తీశానండి," అంది.

వకుళ మంగ పక్కన నేల మీద కూలబడినట్టు కూర్చుంది. నైవేద్యం పెట్టడం ఎలాగో ఆ పిల్ల తన దగ్గరే నేర్చుకుంది, తప్పు లేకుండా నేర్చుకుంది.

సుభద్రమ్మగారు కొంగు దులుపుకుని లేచింది. "బాగుంది. దేవుడి పేరు చెప్పి పిల్లలతో నాటకాలు. పదరా, ఇంకెప్పుడైనా ఇటు వచ్చావో కాళ్ళు విరగ్గొడతాను." మనవడి రెక్క పట్టుకుంది. శేషు కదల్లేదు.

"మామ్మా."

"పదమంటే, పదరా."

"మామ్మా, పెరుగుకుండ నేనే పడేశా. పిల్లి కాదు."

సుభద్రమ్మగారు అక్కడే నిలబడిపోయింది. అంతవరకూ ఎవరూ ఆవిడ నోట వినని గొంతుతో అంది: "ఆ పిల్లిని నిన్న చీపురుతో బాదానురా." ఎవరో ఫక్కున నవ్వారు. ఆవిడ నవ్విందెవరో చూడటానికి కూడా వెనక్కి తిరగలేదు. మనవడిని తీసుకుని వెళ్ళిపోయింది. ఒక్కొక్కరే మిగతావాళ్ళూ వెళ్ళారు. కొందరు చెప్పి వెళ్ళారు, చాలామంది చెప్పకుండానే వెళ్ళారు. పళ్ళెంలో అటుకులు అలాగే ఉండిపోయాయి. స్వామి, వకుళ, మంగ, ముగ్గురూ కూర్చుని ఆ ప్రసాదం తిన్నారు.

ఆ వారమంతా వకుళ బజారులో తలొంచుకుని నడిచింది. జామచెట్టు పిల్లవాడి తల్లి ఎదురుపడి రోడ్డు అవతలికి మారింది. స్వామి దగ్గరికి, బాలసభ నాకొద్దు స్వామీ, ఇంకెవరికైనా ఇవ్వండి అని చెప్పాలనుకుని వెళ్ళింది. ఆయన కొబ్బరాకు ముందు పడేశారు. చీపురు కట్టడం పూర్తయ్యేసరికి ఆమె అడగాలనుకున్నది అడగలేకపోయింది. మరిచిపోయి కాదు. ఆ చీపురుతో గర్భగుడి తుడవమన్నారు. పీఠం వెనక కొబ్బరిచిప్ప తీసి పారేసింది. చీమలు ఇంకా ఉన్నాయి.

ఆదివారం వచ్చింది. వస్తారో రారో అనుకుంటూనే చాప పరిచింది. మంగ వచ్చింది, తులసితో. ఇంకో ఇద్దరు ముగ్గురు వచ్చారు. వెనక వరసలో మనుషులు లేరు. కీర్తన మొదలుపెట్టబోతుంటే శేషు పరుగెత్తుకొచ్చాడు. చేతిలో అరిటాకు పొట్లం.

"వెన్న, అక్కా. మామ్మ పంపింది."

వకుళ పొట్లం అందుకోలేదు. "మామ్మ ఏమందిరా?"

"పెట్టి రమ్మంది. తిన్నాడో లేదో వచ్చి చెప్పక్కర్లేదంది." వాడు ఊపిరి పీల్చుకున్నాడు. "మంగ చేత పెట్టించమంది."

మంగ రెండు చేతులతో పొట్లం పట్టుకుని, పడేస్తానేమోనని అడుగులో అడుగు వేసుకుంటూ లోపలికి వెళ్ళి, అటుకుల మీద వెన్న పెట్టి వచ్చింది. వకుళ నీళ్ళు తిప్పింది. తెర లాగారు. "కళ్ళు మూసుకోవాలా అక్కా?" అని అడిగింది మంగ. "దిష్టి తగులుతుంది కదా, మూసుకుందాం," అంది వకుళ. ఈసారి మంగ కూడా మూసుకుంది. కీర్తన పాడారు. గొంతులు కొద్దిగానే ఉన్నాయి, అయినా పాటకి సరిపోయాయి.

తెర తీశారు. వెన్న పెట్టింది పెట్టినట్టే ఉంది.

శేషు వంగి చూశాడు. "తిన్నాడా అక్కా?"

ఆ ప్రశ్నకి వకుళ దగ్గర ఇన్నాళ్ళూ ఎన్నో జవాబులు ఉండేవి. "నాకు తెలీదురా," అంది. "నేను చూడలేదు. ప్రేమగా పెట్టాం. అంతవరకే నాకు తెలుసు."

శేషు తల ఊపాడు. అది వాడికి సరిపోయినట్టే ఉంది. మంగ అప్పటికే ప్రసాదానికి చెయ్యి చాపి కూర్చుంది. వెన్న అందరికీ తలా గోరంత వచ్చింది.

సాయంత్రం వకుళ స్వామి దగ్గరికి వెళ్ళింది. ఆయన చిక్కుడుకాయల పళ్ళెం ఇద్దరి మధ్య పెట్టారు. కాయలు సగం అయ్యాక ఆమె అంది: "స్వామీ, ఆమధ్య నేనో ప్రశ్న అడిగాను. మీరు జవాబు చెప్పలేదు."

"ఇవాళ నైవేద్యం ఎవరు పెట్టారు?"

"మంగ పెట్టిందండి."

"తెర తీశాక వెన్న ఎలా ఉంది?"

"పెట్టింది పెట్టినట్టే ఉందండి. ఒక్క వేలు కూడా పడలేదు."

స్వామి చేతిలోని కాయ ఈనె చివరిదాకా, తెగకుండా తీశారు.

"అయితే ఇవాళ తిన్నాడమ్మాయ్," అన్నారు.